కాయకష్టానికి కేలరీల లెక్క: ఉదయగిరి, ఆత్మకూరు మెట్టసీమ మీదుగా ఒక చరిత్ర

వ్యాయామం చేసేవారి మణికట్టు మీద వాచీ చూపే రెండు అంకెలకు పుట్టుక ఒకటి కాదు. నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకున్నదో చెప్పే మొదటి అంకె కొలిచి చెప్పినది. ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో చెప్పే రెండవ అంకె ఆ కొలతకు వయస్సు, బరువు, స్త్రీపురుష భేదం వంటి రెండుమూడు వివరాలు జోడించి, ఒక సమీకరణంలో వేసి అంచనా కట్టినది. ఆ అంచనాను ఎంతవరకు నమ్మవచ్చుననే సందేహం ఈనాటి క్రీడాపరికరాలతో పుట్టిందని తోచడం సహజమే. కాని దాని వెనుక ఉన్న అసలు ప్రశ్న, అంటే కష్టం చేసే శరీరం ఎంత ఆహారాన్ని ఖర్చు చేస్తుందన్న ప్రశ్న, మద్రాసు రాజధానిలోని కరువు పనుల మీద, లక్షలాది ప్రాణాలతో ముడిపడి, 1877లోనే ప్రభుత్వ కాగితాల కెక్కింది. ఆనాడు కరువు కోరల్లో చిక్కిన మెట్టసీమలో నెల్లూరు జిల్లా పడమటి తాలూకాలైన ఉదయగిరి, ఆత్మకూరు కూడా ఉన్నాయి. ఆ సీమలో నిలబడి చూసినప్పుడు, కేలరీల లెక్క చరిత్ర చాలామేరకు ఒకరి శరీరాన్ని కొలిచి మరొకరి శరీరానికి అంటగట్టిన చరిత్రగా కనిపిస్తుంది.

నెల్లూరు అనగానే మదిలో మెదిలే పెన్నా మాగాణికీ, ఉదయగిరి చుట్టుపక్కల నేలకూ పోలిక తక్కువ. పడమట వెలిగొండల వరుస అడ్డుగా నిలిచి ఉంటుంది. ఈశాన్య రుతుపవనం తెచ్చే వాన తీరం నుంచి లోపలికి వచ్చేకొద్దీ పలచబడుతుంది. ఎర్రనేలలు, రాతిగుట్టలు, చెరువు నిండితేనే వరి, నిండకపోతే సజ్జ, జొన్న, రాగి, అరిక. పెన్నానది కొండలు దాటి మైదానంలో అడుగుపెట్టేది ఆత్మకూరు ప్రాంతంలోని సోమశిల దగ్గరే అయినా, అక్కడ జలాశయం ఏర్పడింది 20వ శతాబ్దపు చివరి పాదంలో. అంతకు పూర్వం ఈ సీమ బతుకు చెరువుల మీద, బావుల మీద, వాటిని తవ్విన, పూడికతీసిన చేతుల మీద ఆధారపడి నడిచింది. ఉదయగిరి దుర్గం సంగతి వేరుగా చెప్పనక్కరలేదు: గజపతుల చేతిలో ఉన్న ఆ కొండకోటను శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి, దీర్ఘకాలం నిరీక్షించి, 1514లో వశం చేసుకున్నాడు.

ఆ కొండ ఎక్కడం ఎంత శ్రమో చెప్పడానికి గుండె వేగంతో పనిలేదన్నది ఇక్కడే గుర్తించదగిన విషయం. 60 కిలోల మనిషి నిట్టనిలువుగా 100 మీటర్ల ఎత్తు చేరుకుంటే, భూమ్యాకర్షణకు ఎదురుగా అతడు చేసిన పని సుమారు 14 కిలోకేలరీలు. కండరాలు తాము ఖర్చు చేసే శక్తిలో నాలుగో వంతో, ఐదో వంతో మాత్రమే పనిగా మార్చి మిగిలినదాన్ని వేడిగా వదిలేస్తాయి కనుక, ఎక్కిన ప్రతి 100 మీటర్లకు అతని శరీరం 56 నుంచి 70 కిలోకేలరీల వరకు ఖర్చు చేస్తుంది. కిలోకేలరీ అంటే ఒక కిలో నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు వేడెక్కించే శక్తి; వాడుకలో కేలరీ అని పిలుస్తున్నది దీన్నే. బరువు, ఎత్తు తెలిస్తే చాలునన్న ఈ లెక్క కొండకు సరిపోతుంది గాని, గడ్డపార పట్టి తవ్వే పనికీ, తట్ట మోసే పనికీ, ఉదయగిరికి పేరు తెచ్చిన కొయ్య గరిటెలను కూర్చుని చెక్కే పనికీ సరిపోదు. వాటిలో ఎక్కిన ఎత్తంటూ ఉండదు. కదలికలో ఎంత భాగం పనిగా మారిందో, ఎంత భాగం గడ్డపారను బిగించి పట్టుకోవడంలోనే పోయిందో పైకి చూసి చెప్పడం సాధ్యం కాదు.

1876లో వానలు ముఖం చాటేయడంతో మొదలైన కరువును తెలుగువారు ఆ సంవత్సరం పేరుతోనే ధాత కరువు అన్నారు. మద్రాసు ప్రభుత్వం సహాయక పనులు తెరిచి, చెరువుకట్టలు, బాటలు, కంకర కొట్టడం వంటి పనులకు కూలి ఇచ్చింది. ఆ ఖర్చు చూసి కలవరపడిన వైస్రాయి లిట్టన్, పొదుపు పాటించేటట్టు చూడమని సర్ రిచర్డ్ టెంపుల్‌ను 1877 జనవరిలో దక్షిణానికి పంపాడు. టెంపుల్ వచ్చీ రాగానే మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం ధర, దానిపైన ఒక అణా చాలునని కూలి తగ్గించాడు. అంతకు ముందు లెక్క ఒకటిన్నర పౌన్లు. ఈ తగ్గింపును బహిరంగంగా ఎదిరించినవాడు మద్రాసు రాజధాని శానిటరీ కమిషనర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్. ఇతడు 1863లోనే ఈ రాజధాని ప్రజల ఆహారం మీద, జిల్లా జైళ్లలో ఖైదీలకు పెట్టే తిండి మీద నివేదిక సమకూర్చినవాడు. 1871 జనాభా లెక్కల నివేదిక కూడా అతనిదే. అంటే ఈ నేల మీద ఎవరు ఏమి తింటారో, ఎంత తింటారో కాగితం మీద కాక కళ్లతో చూసిన కొద్దిమంది అధికారుల్లో ఒకడు.

వారిద్దరి వాదం కేలరీల భాషలో సాగలేదు, ఎందుకంటే ఆహారాన్ని ఆ కొలమానంతో లెక్కించే అలవాటు అప్పటికింకా కుదురుకోలేదు. మాంసకృత్తులకు ఆధారమైన నత్రజని రోజుకు ఎంత అందుతుందన్నదే నాటి శాస్త్రీయ పరిభాష. అయినా ప్రశ్న అదే. శరీరం పని చేయకుండా పడి ఉన్నప్పుడు కావలసిన తిండికీ, ఎండలో రాళ్లు కొట్టేటప్పుడు కావలసిన తిండికీ మధ్య తేడా ఎంత అని కార్నిష్ అడిగాడు. సామాన్య జనం మామూలు రోజుల్లోనే ఇంతకంటె ఎక్కువ తినడం లేదన్న ధోరణిలో టెంపుల్ జవాబిచ్చాడు. ఈనాటి పట్టికలతో సరిచూస్తే కార్నిష్ పక్షమే న్యాయమని తేలుతుంది. వంద గ్రాముల బియ్యంలో సుమారు 345 కిలోకేలరీలు ఉంటాయి. ఒక పౌను, అంటే 454 గ్రాములు, 1,570 కిలోకేలరీలకు మించదు. భారత వైద్య పరిశోధన మండలి 2020లో నిర్ణయించిన ప్రమాణం ప్రకారం 65 కిలోల బరువుండి బరువైన పని చేసే పురుషునికి రోజుకు 3,470 కిలోకేలరీలు కావాలి; శరీరం బరువు 50 కిలోలే అనుకుని దామాషా కట్టినా 2,670 దాకా వస్తుంది. పైన ఇచ్చిన అణాతో ఉప్పు, మిరప, పప్పు, కట్టెలు కొనవలసిందే కనుక అది ఈ లోటును పూడ్చలేదు. ఒకటిన్నర పౌన్లు ఇచ్చి ఉంటే 2,350 అయ్యేది. అది కూడా తక్కువే గాని, చావు అంచు దాటి ఇవతలే ఉండేది.

కొద్ది నెలల్లోనే మద్రాసు ప్రభుత్వం కూలిని మళ్లీ పెంచవలసి వచ్చింది. ఆ కరువులో ఆకలితో కృశించి మరణించినవారి శరీరాలను పరిశీలించిన అలెగ్జాండర్ పోర్టర్ అనే వైద్యాధికారి తన పరిశీలనలను 1889లో మద్రాసులో పుస్తకంగా ప్రచురించాడు. కూలీ శరీరం ఖర్చు పెట్టేది ఎంత, దానికి అందేది ఎంత అన్న లెక్కలో తప్పు దొర్లితే ఏమవుతుందో చెప్పే పుస్తకాల్లో అంతకన్న నిష్కర్షగా చెప్పినది మరొకటి కనిపించదు. టెంపుల్ తప్పు అంకెల్లో లేదు. పని చేయని శరీరం కొలతను పని చేసే శరీరానికి వాడడంలో ఉంది. ఈ రకమైన పొరపాటు ఆ తర్వాత కూడా వేషాలు మార్చుకుంటూ వచ్చింది.

శరీరం ఖర్చును నేరుగా కొలిచే ప్రయత్నం మాత్రం కరువుకు దాదాపు నూరేళ్లకు పూర్వమే ఫ్రాన్సులో మొదలైంది. లవోజియే, లాప్లాస్ అనే శాస్త్రవేత్తలు 1780లలో గినీపందిని మంచు నింపిన పాత్రలో ఉంచి, దాని ఒంటివేడికి కరిగిన మంచును తూచి, శ్వాస కూడా ఒక రకమైన దహనమేనని చూపారు. ఆ తర్వాత లవోజియే తన సహాయకుడు సెగ్విన్‌ను బరువులెత్తమని చెప్పి, అతడు పీల్చిన ప్రాణవాయువును కొలిచి, పని పెరిగేకొద్దీ నాడి వేగమూ పెరుగుతుందని గమనించాడు. గుండె వేగానికీ, ప్రాణవాయువు వినియోగానికీ ఉన్న ఈ పొత్తే నేటి వాచీకి మూలధనం. ఒక లీటరు ప్రాణవాయువు శరీరంలో ఖర్చయినప్పుడు తిన్న ఆహారాన్ని బట్టి కొద్ది తేడాతో సుమారు 5 కిలోకేలరీల శక్తి వెలువడుతుంది కనుక, పీల్చిన వాయువును కొలిస్తే వేడిని కొలిచినట్టే. దీన్నే పరోక్ష ఉష్ణమాపనం అంటారు. అమెరికాలో ఆట్‌వాటర్, రోజా 1890లలో ఒక మనిషి రోజుల తరబడి నివసించగల గది కట్టి, అతడు లోపల సైకిలు తొక్కుతుండగా వేడినీ, వాయువులనూ వేర్వేరుగా కొలిచి, రెండూ సరిపోతాయని నిరూపించారు. ఆక్స్‌ఫర్డులో డగ్లస్ 1911లో వీపున కట్టుకునే పెద్ద సంచిని తయారుచేసి, ఊపిరి వదిలిన గాలినంతా అందులో పట్టడంతో ఈ కొలత ప్రయోగశాల గడప దాటి పొలానికీ, గనికీ వెళ్లగలిగింది. గ్లాస్గోలో వీర్ 1949లో ఇచ్చిన సూత్రం ఆ గాలి విశ్లేషణను నాలుగు గీతల లెక్కగా కుదించింది.

ఈ విద్య దక్షిణభారతానికి వచ్చిన దారి కూనూరు మీదుగా సాగింది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి మీద విచారణకు అక్కడ నెలకొల్పిన చిన్న విభాగం న్యూట్రిషన్ రిసెర్చ్ లేబొరేటరీస్‌గా పెరిగి, 1958లో హైదరాబాదు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పొందింది. తెలుగునేలకు ఈ సంస్థ రావడం వల్ల కలిగిన మేళ్లలో అంతగా ప్రచారం పొందనిది ఒకటుంది: కూలీల శ్రమను కూలీల మీదే కొలవడం. ఈ సంస్థలో రమణమూర్తి, దాక్షాయణి రాళ్లు కొట్టేవారు తినే ఆహారాన్నీ, ఖర్చు పెట్టే శక్తినీ కొలిచి 1962లో ప్రకటించారు; 1966లో రమణమూర్తి, బెలవాడి వ్యవసాయ కూలీల మీద అటువంటి పనే చేశారు. టెంపుల్, కార్నిష్ వాదించుకున్న ప్రశ్నకు, సరిగా ఆ వృత్తివారి శరీరాల మీదనే, ఎనభై అయిదేళ్లు ఆలస్యంగానైనా సమాధానం వెతకడం మొదలైందన్న మాట. ఐరోపాలో, అమెరికాలో పుష్టిగా పెరిగిన యువకుల మీద తయారైన పట్టికలను ఇక్కడి పొట్టి, సన్నటి శరీరాలకు తగిలించడం ఎంతవరకు సబబన్న చర్చ అప్పటి నుంచి ఆగలేదు. విశ్రాంతిలో ఉన్న భారతీయుల శక్తి వినియోగం అంతర్జాతీయ సూత్రాలు చెప్పేదానికన్న సుమారు 5 శాతం తక్కువని వైద్య పరిశోధన మండలి తన ప్రమాణాల్లో పరిగణించింది. ఆ మండలి ఊహించుకునే నమూనా భారతీయ పురుషుడు 1989లో 60 కిలోలుండేవాడు, 2020 నాటికి 65 కిలోలయ్యాడు. స్త్రీ 50 నుంచి 55 కిలోలకు చేరింది. నమూనా మనిషే ముప్పై ఏళ్లలో ఐదు కిలోలు పెరిగితే, వాచీలో దాగిన నమూనా మనిషి ఎవరన్న ప్రశ్న అనవసరమైనది కాదు.

ఇక నాడి వైపు చరిత్ర మరో దారిలో నడిచింది. తెలుగుదేశపు వైద్యులు శార్ఙ్గధర సంహిత, బసవరాజీయం వంటి గ్రంథాల ఆధారంగా నాడిని దాని నడకను బట్టి, పాములా పాకుతున్నదా, కప్పలా గెంతుతున్నదా, హంసలా సాగుతున్నదా అని గుర్తుపట్టారు గాని లెక్కపెట్టలేదు. ఇంగ్లండులో జాన్ ఫ్లాయర్ 1707లో ఒక నిమిషం నడిచే ప్రత్యేక గడియారంతో నాడిని లెక్కించే పద్ధతి ప్రకటించాడు. నాడి, గడియారం అప్పటి నుంచి కలిసి బతుకుతున్నాయి. గుండె వేగానికీ, శ్వాసక్రియకూ ఉన్న సంబంధాన్ని మర్లిన్, గ్రీర్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1914లో పరిశీలించి, ఒకదాన్ని బట్టి మరొకదాన్ని అంచనా కట్టే మార్గానికి పునాది వేశారు. అయితే మనిషి తిరుగుతుండగా గుండెను కొలిచే సాధనం అప్పటికి లేదు. మాంటానాలో నార్మన్ హోల్టర్ 1940ల చివర తయారుచేసిన మొదటి రేడియో పరికరం 38 కిలోల మూట. దాన్ని వీపున మోసే మనిషి గుండె వేగం ఆ మూట వల్లనే పెరిగి ఉంటుందని వేరుగా చెప్పాలా? ఫిన్లాండులోని ఔలు విశ్వవిద్యాలయానికి చెందిన సెప్పో సాయ్‌నాయాకంగాస్ 1977లో పోలార్ సంస్థను స్థాపించి, 1980ల తొలినాళ్లలో ఛాతీ పట్టీ నుంచి తీగ లేకుండా చేతి గడియారానికి గుండె వేగం పంపే సాధనాన్ని అంగడికి తెచ్చాడు. అది మంచుమీద స్కీయింగ్ చేసే క్రీడాకారుల కోసం పుట్టిన సాధనం. కేలరీల అంకె దానికి తర్వాత వచ్చి చేరిన అలంకారం.

ఆ అంకెను శాస్త్రవేత్తలు మొదట ఎలా సంపాదించారో తెలిస్తే, వాచీ ఏమి వదిలేసిందో తెలుస్తుంది. అమెరికాకు చెందిన స్పర్, ఆయన సహచరులు 1988లో వివరించిన పద్ధతిలో ప్రతి మనిషినీ ముందుగా ప్రయోగశాలలో పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నడిపించి, ఒక్కొక్క స్థితిలో అతని గుండె వేగాన్నీ ప్రాణవాయువు వినియోగాన్నీ కలిపి కొలిచి, అతనికి మాత్రమే వర్తించే గీత ఒకటి గీస్తారు. విశ్రాంతికీ పనికీ మధ్య సరిహద్దులాంటి ఒక గుండె వేగం ఎంచుకుని, దానికి దిగువన విశ్రాంతి ఖర్చునే వాడి, ఎగువన మాత్రం ఆ గీతను వాడుతారు. ఎందుకంటే కూర్చున్న మనిషి గుండె కోపానికీ, కాఫీకీ, నలుగురిలో మాట్లాడవలసి వచ్చినందుకూ వేగం పెంచుకుంటుంది గాని అందుకు తగ్గట్టు ప్రాణవాయువు ఖర్చు పెట్టదు. ఇంత జాగ్రత్త పడిన పద్ధతికి కూడా 1990లో లివింగ్‌స్టన్ బృందం పరీక్ష పెట్టింది. హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ బరువైన రూపంలో ఉన్న నీటిని తాగించి, శరీరం నుంచి అవి వెలుపలికి పోయే వేగాల తేడాను బట్టి రోజుల తరబడి ఖర్చైన శక్తిని తేల్చే జంటగుర్తుల నీటి పద్ధతి ఒకటుంది. అన్నిటిలోకి నమ్మకమైనదిగా దానికి పేరు. దానితో పోల్చినప్పుడు గుండె వేగం అంచనా బృందమంతటికీ సగటున 2 శాతం తేడాతో సరిపోయింది. విడివిడిగా చూస్తే మాత్రం ఒకరికి 22 శాతం తక్కువ, ఒకరికి 52 శాతం ఎక్కువ చూపింది. గుంపుకు సరైనది మనిషికి తప్పు కావడం ఈ విషయంలో ఉన్న చిక్కంతటికీ కేంద్రం.

వాచీలకు ప్రతి మనిషినీ ప్రయోగశాలకు పిలిచే వీలు లేదు. అందుకని అవి అందరికీ ఒకే సమీకరణం వాడుతాయి. తయారీదారులు తమ సమీకరణాలను బయటపెట్టరు గాని, ప్రచురితమైన వాటిలో ప్రసిద్ధమైనది దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో కీటెల్ బృందం 2005లో ప్రకటించినది. క్రమంగా వ్యాయామం చేసేవారిని కొలిచి తయారుచేసినది. గుండె వేగం, బరువు, వయస్సు, స్త్రీపురుష భేదం మాత్రమే తెలిస్తే ఇది శక్తి వినియోగంలోని హెచ్చుతగ్గుల్లో సుమారు 73 శాతాన్ని వివరించగలిగింది. మనిషి గరిష్ఠంగా ఎంత ప్రాణవాయువు వాడుకోగలడో అదనంగా తెలిస్తే 83 శాతాన్ని వివరించగలిగింది. ఇందులో ఒక వింత ఉంది: పురుషుల సమీకరణంలో బరువు పెరిగితే ఖర్చు పెరుగుతుంది, స్త్రీల సమీకరణంలో బరువు పెరిగితే ఖర్చు తగ్గుతుంది. అది ప్రకృతి నియమం కాదు, ఆ అధ్యయనంలో పాల్గొన్న స్త్రీలలో కనిపించిన సంబంధం మాత్రమే. అయినా సమీకరణంలో చేరాక అది ప్రపంచంలోని స్త్రీలందరికీ శాసనమవుతుంది.

ఆత్మకూరు దగ్గర ఏప్రిల్ ఎండలో చెరువు పూడిక తీసే నలభై ఏళ్ల, 55 కిలోల కూలీ ఒకడిని ఊహించుకుని ఈ సమీకరణాన్ని వర్తింపజేస్తే చిక్కు అంకెల్లో కనిపిస్తుంది. చల్లటి వేళ అతని గుండె నిమిషానికి 110 సార్లు కొట్టుకుంటే, సమీకరణం గంటకు సుమారు 478 కిలోకేలరీలు అంటుంది. అదే మట్టి, అదే తట్ట, అదే వేగం. కాని ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం అతని గుండె 125కు చేరిందనుకుంటే, సమీకరణం 613 అంటుంది. గంటకు 135 కిలోకేలరీలు, అంటే 28 శాతం, గాలిలోంచి పుట్టుకొచ్చాయి. జరిగిందేమంటే, ఎండలో శరీరం చల్లబడడానికి రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, చెమటతో రక్తంలోని నీరు తగ్గుతుంది, ఒక్కొక్క దెబ్బకు గుండె తోసే రక్తం తక్కువవుతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి అది ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. కండరాలు వాడే ప్రాణవాయువు మాత్రం దాదాపు మారదు. గుండె భారం నిజమే. కేలరీలు నిజం కావు.

ఎండ ఒక్కటే కాదు. చేతులతో, భుజాలతో చేసే పనికి, కాళ్లతో చేసే అంతే ఖర్చుగల పనికన్న గుండె వేగం ఎక్కువగా ఉంటుంది. పార, గడ్డపార బిగించి పట్టడం వంటి కదలిక లేని బిగువు దాన్ని ఇంకా పెంచుతుంది. సమీకరణాలు పుట్టింది పరుగుపట్టీ మీద, సైకిలు మీద, అంటే కాళ్ల పని మీద. రక్తహీనత ఉన్నవారిలో ఒక్కొక్క దెబ్బకు అందే ప్రాణవాయువు తక్కువ కనుక, అదే పనికి వారి గుండె ఎక్కువ కొట్టుకోవాలి. శ్రీలంక తేయాకు తోటల స్త్రీ కార్మికులకు ఇనుము ఇచ్చి చూసిన అధ్యయనం 1979లో వెలువడి, రక్తం మెరుగుపడితే పని పెరుగుతుందని తేల్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల లోపు స్త్రీలలో సగానికి పైగా రక్తహీనులని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. అంటే కేలరీల అంకె వారిలో ఎక్కువమందికి ఉన్నదానికన్న హెచ్చుగా చూపే ప్రమాదం ఉంది. దీనికి ఎదురు దిశలో పనిచేసేది అలవాటు. చిన్ననాటి నుంచి కాయకష్టం చేసినవారి గుండె ఒక్క దెబ్బకు ఎక్కువ రక్తం తోయగలదు, అందువల్ల నెమ్మదిగా కొట్టుకుంటుంది. వాచీ వారి ఖర్చును తక్కువ చేసి చూపుతుంది. ఈ తప్పులు ఒకదానికొకటి చెల్లు కావచ్చు, కాకపోవచ్చు.

న్యాయానికి గుండె వేగం పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఈ సీమ నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. మద్రాసు రాజధానిలో ఫ్లోరోసిస్ గురించి షార్ట్, ఆయన సహచరులు 1937లో ప్రకటించిన వ్యాసం ఉమ్మడి నెల్లూరు జిల్లాకు సంబంధించినదే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వెళ్లిన కనిగిరి, పొదిలి ప్రాంతాలూ, వాటికి దక్షిణంగా ఉన్న ఉదయగిరి మెట్టా ఈ పీడను చాలాకాలంగా ఎరుగును. దాని వల్ల వెన్ను, కీళ్లు బిగుసుకుపోయిన మనిషికి నడకే బరువైన పని. నడక వేగం, శరీరం బరువు చూసి ఖర్చు చెప్పే పట్టికకు ఆ సంగతి తెలియదు; గుండెకు తెలుసు. అడుగులు లెక్కపెట్టే సాధనం కన్న నాడిని పట్టే సాధనం ఇటువంటి చోట నిజానికి దగ్గరగా వస్తుంది.

మణికట్టు వాచీ నాడిని పట్టే తీరు కూడా ఛాతీ పట్టీ తీరు కాదు. పట్టీ గుండె విద్యుత్తును గ్రహిస్తుంది; వాచీ చర్మంలోకి ఆకుపచ్చని కాంతి పంపి, రక్తం ఉప్పొంగినప్పుడల్లా తిరిగి వచ్చే కాంతిలో కలిగే మార్పును లెక్కిస్తుంది. చేయి కదిలితే, పిడికిలి బిగిస్తే ఆ లెక్క చెదురుతుంది. నల్లని చర్మం మీద ఈ కాంతి సరిగా పనిచేయదన్న అనుమానం చాలాకాలం ఉంది. 2020లో బెంట్ బృందం వివిధ వర్ణాలవారిని పరీక్షించి చర్మవర్ణం వల్ల గణనీయమైన తేడా లేదనీ, విశ్రాంతిలో కన్న కదలికలో మాత్రం తప్పు సుమారు 30 శాతం ఎక్కువనీ చెప్పింది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2017లో ఏడు రకాల సాధనాలను 60 మందికి తొడిగి, వారు పీల్చి వదిలిన గాలిని కూడా కొలుస్తూ పరీక్షించగా, వాటిలో ఆరింటికి గుండె వేగంలో తప్పు 5 శాతం లోపే వచ్చింది. కేలరీల్లో మాత్రం అన్నిటికన్న మెరుగైనదానికి 27 శాతం, అధ్వాన్నమైనదానికి 93 శాతం తప్పు వచ్చింది. మొదటి అంకె నమ్మదగినది, రెండవది కాదు అన్న తీర్పుకు ఇంతకన్న స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు. అదీ ప్రయోగశాలలో, యంత్రాల మీద.

కూలీ శ్రమను లెక్కకట్టే పని ప్రభుత్వం చేతుల్లోకి మళ్లీ వచ్చింది 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టంతో. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకం మరుసటి ఏడాది రెండవ విడతలో నెల్లూరు జిల్లాకు విస్తరించింది. పల్లెల్లో దాన్ని కరువు పని అనే అనేవారు. అందులో కూలి రోజును బట్టి కాక తవ్విన మట్టి కొలతను బట్టి వచ్చేది కనుక, ఒక మనిషి ఒక రోజులో ఎంత తవ్వగలడన్నది మళ్లీ 1877 నాటి ప్రశ్నగానే ముందుకొచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దానికి పాత ఇంజనీర్ల రేట్ల పుస్తకాన్ని గుడ్డిగా వాడకుండా, పనిచేసే కూలీల ముందు నిలబడి కాలాన్నీ కదలికనూ కొలిపించి, గట్టినేలకు ఒక రేటు, మెత్తనేలకు ఒక రేటు నిర్ణయించింది. అంతటితో ఆగక వేసవికి ప్రత్యేక భత్యం ప్రవేశపెట్టింది: ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25 శాతం, ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం, జూన్‌లో 20 శాతం తక్కువ పని చేసినా నిండు కూలి దక్కేటట్టు చూసింది.

పైన లెక్కించిన ఊహా కూలీ విషయంలో వాచీ 28 శాతం ఎక్కువ కేలరీలు చూపింది. ప్రభుత్వం దాదాపు అంతే మేరకు పని తగ్గించింది. రెండూ ఒకే ఎండకు, ఒకే గుండెకు ఇచ్చిన జవాబులే గాని, ఒకటి భారాన్ని తిండి లెక్కగా పొరబడింది, రెండవది భారాన్ని భారంగానే గుర్తించింది. కాబట్టి గుండె వేగం చూపే సాధనం కొనుక్కున్నవారు, ఉదయగిరిలోనైనా హైదరాబాదులోనైనా, స్పందనల అంకెను ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు నీరు తాగాలో, నిన్నటికన్న నేడు అదే నడకకు గుండె ఎంత తక్కువ కష్టపడిందో తెలుసుకోవడానికి వాడుకోవాలి. కేలరీల అంకెను చూసి రాత్రి భోజనంలో ముద్ద పెంచడానికీ తగ్గించడానికీ వాడుకోకూడదు.